పదో వంతు నేల

లేఅవుట్ వేసినప్పుడు మొత్తం నేలలో పదో వంతు అందరి కోసం ఖాళీగా వదలాలి. ప్లాటు కొనుక్కున్న ప్రతివాళ్లూ ఆ పదో వంతుకు కూడా డబ్బు కట్టినట్టే లెక్క. అలా వదలని లేఅవుట్లలో ప్లాట్లు క్రమబద్ధం చేయించుకోవాలంటే ప్లాటు విలువలో కొంత శాతం ఓపెన్ స్పేస్ కింద అదనంగా కట్టించుకుంటారు. ఆ ఖాళీ విలువ ఎంతో దీన్నిబట్టే తెలుస్తుంది. విశాఖపట్నంలో మేముండే కాలనీ 1981లో ఒక గృహనిర్మాణ సంఘం వేసిన పదెకరాల లేఅవుట్. అందులో ఒక ఎకరం, అంటే 4,840 గజాలు, పార్కుకని వదిలారు. ఆ ఎకరంలో ఏముండాలో కాలనీవాళ్లనీ, పక్కనున్న పాత పేటవాళ్లనీ అడిగి ఒక ప్లాను తయారు చేయించడానికి నాకు మూడేళ్లు పైనే పట్టింది. ఆ మూడేళ్లలో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మేం ఇల్లు కట్టుకుని వచ్చిన కొత్తలో అక్కడ తురాయి చెట్లూ, ఓ మూల రావిచెట్టూ, దాని కింద పసుపు రాసిన అమ్మవారి రాయీ ఉండేవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి తురాయిలన్నీ వేళ్లతో సహా పడిపోయాయి. రావిచెట్టు కొమ్మలు విరిగాయి కానీ మాను నిలబడింది. కరెంటు లేక, నీళ్లు లేక ఊరంతా అల్లాడుతున్న ఆ రోజుల్లో వీధుల్లో పడ్డ చెట్లన్నీ ఈడ్చుకొచ్చి ఆ స్థలంలోనే పడేశారు. అప్పటికి అది తప్పనిసరే. అయితే ఆ తర్వాత ఇల్లు కూల్చినవాళ్లు పెళ్లలు పోశారు, ఇల్లు కడుతున్నవాళ్లు ఇసుకా కంకరా పోసుకున్నారు. అపార్ట్‌మెంట్లలో చోటు చాలని కార్లు వచ్చి చేరాయి. ఉత్తరం వైపు ఒకాయన రేకుల షెడ్డు వేసి సామాను పెట్టుకున్నాడు. నాలుగేళ్లకు అది పార్కు స్థలమన్న సంగతే పిల్లలకు తెలియకుండా పోయింది.

నేను ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి 2017లో రిటైరయ్యాను. సంక్షేమ సంఘం కార్యదర్శి పని ఎవరూ తీసుకోకపోతే నన్ను తీసుకోమన్నారు. 2018 ఆఖరులో, పార్కు అభివృద్ధికి డబ్బు వచ్చే వీలుందని తెలిసి మునిసిపల్ ఆఫీసుకు వెళ్తే, అప్పటికే ఒక డ్రాయింగు ఉంది. ముందు ఆర్చి, మధ్యలో ఫౌంటెన్, చుట్టూ పచ్చిక, అంచున నడక దారి. ఇంకో కాలనీకి వేసిన బొమ్మకే మా కొలతలు పెట్టారు. అందులో రావిచెట్టు లేదు. ఇంజినీరుగారు మంచి మనిషి. “మేడం, మీ వాళ్లంతా ఒప్పుకుని సంతకాలు పెట్టిన ప్లాను ఇంకోటుంటే తెండి, అదే పెడదాం. ఆ తర్వాత తగవులు మాత్రం నా దాకా రాకూడదు” అన్నారు. సరేనని వచ్చేశాను.

2019 మొదట్లో ఒక ఆదివారం, ఓ అపార్ట్‌మెంటు సెల్లారులో కుర్చీలు వేసి మీటింగు పెట్టాం. వచ్చినవాళ్లంతా దాదాపు మగవాళ్లే, అందులోనూ యాభై దాటినవాళ్లే ఎక్కువ. ఆడవాళ్లు నలుగురైదుగురు గోడవారగా నిలబడ్డారు. ఒకాయన వాకింగ్ ట్రాకు ఒక్కటి చాలన్నాడు. ఒకాయన ఓపెన్ జిమ్ కావాలన్నాడు. కార్లు పెట్టుకోవడానికి సగం సిమెంటు చేయించమన్నారు కొందరు. అమ్మవారి రాయి చుట్టూ గుడి కట్టి, మండపం వేసి, ప్రహరీ పెట్టాలని ఇంకొందరు పట్టుబట్టారు. క్రికెట్ ఆడే కుర్రాళ్లు ఇద్దరు వచ్చి మాట్లాడబోతే “మీరు కూర్చోండ్రా” అని నోరు మూయించారు. చివర్లో కాలనీలో పలుకుబడి ఉన్న ఒక పెద్దమనిషి లేచి, పార్కు ఎందుకు దండగ, ఫంక్షన్ హాలు కడదాం, అద్దెలొస్తాయి, సంఘానికి ఆదాయం, పేదవాళ్లకు తక్కువకిద్దాం అన్నాడు. చప్పట్లు అప్పుడే గట్టిగా పడ్డాయి.

ఇంటికొచ్చి రాత్రంతా ఆలోచించాను. ఆ సెల్లారులో అంతమంది మాట్లాడారు కదా, ఆ స్థలం లేకపోతే నిజంగా రోజు గడవని మనిషి ఒక్కరైనా ఉన్నారా అని. వాళ్లందరికీ ఇళ్లలో బాల్కనీలున్నాయి, కార్లున్నాయి. బీచ్ రోడ్డుకు వెళ్లి నడవగలరు. అడగవలసినవాళ్లు మీటింగుకే రాలేదు. మన ఊళ్లలో ప్రజాభిప్రాయం అంటే మైకు అందుకున్నవాడి అభిప్రాయమే అయి కూర్చుంటుంది.

అందుకని నేనూ, మా వీధి చివరింటి అమ్మాయి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ చదివినామె, ఇద్దరం ఒక నోటు పుస్తకం పట్టుకుని తిరగడం మొదలుపెట్టాం. ఏం కావాలని ముందే అడగలేదు. ఏ వేళకు ఎక్కడుంటారు, ఎంతసేపు ఉంటారు, ఎందుకు లేచిపోతారు, ఇవే అడిగాం. ‘ఏం కావాలి’ అంటే అందరూ టీవీలో చూసిన పార్కే చెబుతారు. ‘నిన్న సాయంత్రం ఎక్కడ కూర్చున్నారు’ అంటే బతుకు చెబుతారు.

మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఆ రావిచెట్టు కింద పెళ్లల మీదే కూర్చుంటారని నాకు అప్పటిదాకా తెలియదు. పాతికేళ్లుగా అక్కడే కాపురం ఉన్నానన్న మాటే గానీ, ఆ వేళకు ఎప్పుడూ బయటికి వచ్చి చూసింది లేదు. ఒకామె అంది: “పొద్దున్న పనీ మాపటి పనీ నడుమ రెండు గంటలు కాళీ అమ్మా. ఇంటికెల్లి రావాలంటే ఆటో డబ్బులు. అపార్టుమెంటు మెట్ల మీద కూకుంటే లెగమంటారు. నీడా, తాగడానికి నీలూ ఉంటే సాలు. ఇంకోటి సెప్పమంటావా… దొడ్డికెల్లడానికి జాగా నేదమ్మా.” పొద్దున ఆరింటికి ఇల్లు వదిలితే సాయంత్రం దాకా ఆపుకోవలసిందే. నీళ్లు తాగడం మానేస్తామంది. వాళ్లలో ఇద్దరికి మూత్రపిండాల్లో రాళ్లున్నాయి.

వాచ్‌మన్ల పిల్లలు చీకటి పడ్డాక కూడా బయటే ఉంటారు. వాళ్లుండేది లిఫ్టు పక్క ఒక్క గది, అందులో వాళ్ల నాన్న నిద్రపోతుంటాడు. చదువుకోవడానికి ఒక లైటు స్తంభం కింద అరుగు వేయమన్నారు. ఇంటర్ చదివే ఆడపిల్లలు ఆ స్థలం పక్కనుంచి కాకుండా చుట్టూ తిరిగి వెళ్తామన్నారు. పోర్టులో పనిచేసి రిటైరైన ఒక మాస్టారు, మోకాళ్ల నొప్పులాయన, ఒక్కటే కోరారు: “బెంచీకి రెండు పక్కలా చేతులుండాలమ్మా, లేచేటప్పుడు ఊతం కావాలి. మన పార్కుల్లో వేసేవి అరుగులు, బెంచీలు కావవి.” ఈ మాటలన్నీ పేర్లు లేకుండా వేళతో సహా రాసుకున్నాం. ఆ పుస్తకమే తర్వాత మాకు ఆధారమైంది.

జనాన్ని ఇలా అడగమని ఎక్కడుందని కొందరు నిలదీశారు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ నుంచి అమల్లోకి వచ్చిందనీ, 3 లక్షలూ ఆ పైన జనాభా ఉన్న ఊళ్లలో వార్డు కమిటీలుండాలని అందులోనే ఉందనీ చెప్పాను. “రాజ్యాంగం మాకు పాఠం చెబుతున్నావా” అన్నారు. అన్నది నా ఈడువాడే, నలుగురి ముందు నన్ను ఏకవచనంతో. నేను మారు మాట్లాడలేదు.

ఫంక్షన్ హాలు సంగతి తేలకుండా ప్లాను ముందుకు కదలదు. ఆ స్థలం చట్టప్రకారం పార్కుదే అని కాగితం చూపించాలి. లేఅవుట్ నకలు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి తెచ్చుకున్నాం. మడతల దగ్గర చిరిగిన పాత నీలి కాగితానికి తీసిన జిరాక్సు అది. ఆ ఎకరం మీద వంకర ఇంగ్లీషు అక్షరాల్లో ‘పార్క్’ అని రాసి ఉంది. అది చాలదన్నారు, స్థలాన్ని గృహనిర్మాణ సంఘం అప్పగించిన గిఫ్టు డీడు కావాలన్నారు. మన దగ్గర రిజిస్ట్రేషన్ల వివరాలుండే ఈసీ కంప్యూటర్లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకుముందువి కావాలంటే చేతిరాత ఇండెక్సు పుస్తకాల్లో సర్వే నంబరు పట్టుకుని వెతికించుకోవాలి. కాళ్లరిగేలా తిరిగాక ఒక పాత గుమాస్తాగారు ఓపిగ్గా వెతికి పట్టించారు. 1981 నాటి ఆ దస్తావేజులో “ప్రజల ఉపయోగార్థం ఉద్యానవనము నిమిత్తం” అని స్పష్టంగా ఉంది. నకలు చేతికొచ్చినప్పుడు ఆఫీసు మెట్ల మీద కూర్చుని చాలాసేపు చదువుకున్నాను.

దానితోపాటు ఒక పాత తీర్పు కూడా మాకు అండ అయింది. బెంగళూరులో రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకని ఉంచిన స్థలాన్ని ముఖ్యమంత్రి ఆదేశం మీద ఒక ప్రైవేటు ట్రస్టుకు నర్సింగ్‌హోమ్ కట్టుకోవడానికి ఇచ్చారు. అక్కడి నివాసులు కోర్టుకెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షానే నిలిచింది. పార్కు అందరిదీ, దాన్ని ఇంకొకరికి కట్టబెట్టే హక్కు లేదంది. ఆసుపత్రి అంటే కాదనలేని మంచి పని కదా, దానికే కుదరనప్పుడు ఫంక్షన్ హాలుకు ఎలా కుదురుతుంది? ఈ మాట తెలుగులో ఒక పేజీగా రాసి ప్రతి ఇంటికీ ఇచ్చాను.

అప్పటినుంచి నాకు కష్టాలు మొదలయ్యాయి.

ముందు ఫోన్లు. ఎత్తితే అవతల మాట్లాడరు. తర్వాత గుమ్మం ముందు పూలకుండీలు పగలగొట్టి ఉన్నాయి. మా వారి స్కూటరు టైర్లు రెండూ కోసేశారు. “మనకెందుకే ఈ గొడవ, పెన్షను తీసుకుని పడుకుందాం” అని ఆయన, హైదరాబాదు నుంచి ఫోను చేసి “వదిలెయ్ అమ్మా” అని మా అబ్బాయి. మంచంలో ఉన్న మా అత్తగారు రాత్రిపూట చప్పుడైతే బెదిరి లేచి కూర్చునేవారు. ఇవన్నీ ఎలాగో తట్టుకున్నాను. తట్టుకోలేనిది ఇంకోటి. కాంట్రాక్టరు దగ్గర నేను కమీషను తిన్నానని పుట్టించారు. అప్పటికి కాంట్రాక్టరే లేడు. ఆ మాట కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకరి నుంచి ఒకరికి పోయింది. కాదన్నవాళ్లు ముగ్గురే. మిగతావాళ్లు చూసి ఊరుకున్నారు. ముప్పయ్యేళ్లు పిల్లల ఫీజు డబ్బుకూ, ప్రయోగశాల సామానుకూ పైసాతో సహా లెక్క రాసినదాన్ని. మా పుట్టింటివైపు పెళ్లిలో ఒకామె నవ్వుతూ అడిగింది, “పార్కులో బాగానే మిగిలిందటగా వదినా” అని. అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేక లేచి వచ్చేశాను.

ఆ ఏడాది శ్రావణ శుక్రవారం గురించి చెప్పాలి. పాతికేళ్లుగా మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం చేసుకుని సాయంత్రం వీధి ముత్తైదువలందరికీ వాయనం ఇచ్చుకుంటాను. ఆ రోజూ శనగలు నానబెట్టాను, తాంబూలాలు సర్దాను, జాకెట్టు ముక్కలు కొని తెచ్చి మడతలు పెట్టాను. ఉదయమే వెళ్లి బొట్టు పెట్టి పిలిచాను కూడా. ఆరు దాటింది, ఏడు దాటింది. ఎదురింటివాళ్లు మా గేటు ముందునుంచే ఇంకో ఇంటికి పేరంటానికి వెళ్లారు, చూసీ చూడనట్టు. ఎనిమిదింటికి రావిచెట్టు కింద కూర్చునేవాళ్లలో ఒకామె, మా పక్క అపార్ట్‌మెంటులో పనిచేసే మనిషి, పని ముగించుకుని ఇంటికి పోతూ గేటు దగ్గర ఆగింది. “నోపలికి రావచ్చా అమ్మా” అంది. కాళ్లకు పసుపు రాసి, బొట్టు పెట్టి, వాయనం ఇచ్చాను. ఆమె ఇంకో ముగ్గుర్ని పిలుచుకొచ్చింది. మిగిలిన శనగలు మర్నాడు గుగ్గిళ్లు చేసి వాచ్‌మన్ల పిల్లలకు పెట్టాను. మా వారు ఆ తర్వాత ఇక నన్ను మానెయ్యమనలేదు.

ప్లాను గీయడం ఒక ఎత్తు, దాన్ని అందరికీ అర్థమయ్యేలా చూపించడం ఇంకో ఎత్తు. ఆ అమ్మాయి గీసిన కాగితం చూపిస్తే అందరూ బాగుందని తల ఊపేవారు. ఆ గీతలు ఎవరికీ తెలియవు, తెలియదని చెప్పుకోలేరు. మా ఇంటికి వాయనానికి వచ్చిన ఆమే ఒకరోజు ఆ కాగితం తిప్పి తిప్పి చూసి, “ముగ్గేసి సూపించరాదమ్మా” అంది.

2020 జనవరి, ధనుర్మాసం. పెద్ద పండగకు ముందు ఆదివారం. పెళ్లలు ఓ పక్కకు నెట్టించి, వంద అడుగుల టేపు, కొబ్బరి తాళ్లు, మేకులు, మూడు బస్తాల ముగ్గుపిండి పెట్టుకుని తెల్లవారుజామున మొదలుపెట్టాం. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు, అసలు కొలతతోనే నేల మీద వేశాం. తాడు పట్టుకుని క్రికెట్ కుర్రాళ్లు నిలబడితే పేటలోని ఆడవాళ్లు వేళ్ల సందుల్లోంచి పిండి వదులుతూ గీత తీశారు. నడక దారి, బెంచీలు, మరుగుదొడ్డి, పిల్లల ఇసుక గుంట, అన్నీ. ఎనిమిదింటికల్లా ఎకరం నేలంతా ముగ్గు. అందరినీ పిలిచి, పార్కులో తిరుగుతున్నట్టే అందులో నడవమన్నాం.

గంటలో ప్లాను సగం మారిపోయింది. దారి వెడల్పు నాలుగడుగులు పెట్టాం. చక్రాల కుర్చీలో వచ్చిన ఒక అబ్బాయి మలుపు దగ్గర తిరగలేకపోయాడు, ఎదురుగా వచ్చినవాళ్లు ముగ్గు దాటి పక్కకు దిగవలసి వచ్చింది. ఆరడుగులు చేశాం. గేటు దగ్గర మెట్ల బదులు ర్యాంపు, ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవుండేలా. మరుగుదొడ్డి వెనక మూలన పెట్టారు డ్రాయింగులో, ఎవరికీ కనబడకూడదని. ఇంటర్ పిల్లలు అక్కడికి వెళ్లి నిలబడి చూసి, “చీకటి పడ్డాక ఇక్కడికి మేం రాం టీచర్” అన్నారు. గేటు పక్కకు, వీధి లైటు వెలుగు పడేచోటికి మార్చాం. పోర్టు మాస్టారు ఒక కుర్చీ తెప్పించుకుని ముగ్గులో గీసిన ప్రతి బెంచీ దగ్గరా కూర్చుని లేచి, ఎండ ఎటు పడుతుందో చెప్పారు. క్రికెట్ కుర్రాళ్లు ఒక ఓవరు వేసి బంతి ఎంత దూరం పోతుందో చూపించారు. తూర్పు వైపు సగం వాళ్లకే వదలాలని, దారికీ ఆటకూ నడుమ వల కట్టాలని అక్కడికక్కడే ఒప్పుకున్నారు నడక పెద్దలు. సెల్లారులో ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు అక్కడ తాడు పట్టుకుని కొలిచారు.

పేట పెద్దావిడ ఒకామె దక్షిణం పక్కకు వచ్చి కాలితో నేల తట్టి చెప్పింది: “ఇక్కడ గెడ్డ పారేది నాయనా. కొండ మీద వాన పడితే ఇటే దిగేది. మాయమ్మ బట్టలుతికేది ఇక్కడే.” ప్లానులో అక్కడ పచ్చికా, దాని మీద గెజిబో ఉన్నాయి. ఏటా వానాకాలం ఆ వీధిలో మోకాలి లోతు నీళ్లు ఎందుకు నిలుస్తాయో అప్పుడు తెలిసింది. గెజిబో తీసేసి, ఆ పల్లాన్ని అలాగే ఉంచి, వాన నీళ్లు వచ్చి నిలిచి ఇంకేలా గుంతలు పెట్టాం. ఆ అమ్మాయి సాయంత్రం దాకా మారిన గీతలన్నీ కొలుచుకుని ఫొటోలు తీసుకుంది.

మర్నాడు తెల్లారేసరికి ముగ్గు మీద ట్రాక్టరు లోడు రాళ్లమట్టి పోసి ఉంది. కొలతలు మా దగ్గర ఉన్నాయి కాబట్టి సరిపోయింది. నెల తిరక్కుండా షెడ్డు ఆసామి కోర్టుకెళ్లి యథాతథ స్థితి ఉత్తర్వు తెచ్చుకున్నాడు. మొత్తం ఎకరానికీ అదే వర్తించింది. సంఘం ఖాతాలో వకీలు ఫీజుకు చాలినంత లేదు. నా గాజులు రెండు బ్యాంకులో పెట్టాను. ఆ తర్వాత మార్చిలో లాక్‌డౌన్. కోర్టులు మూతపడ్డాయి, పనిచేసే ఆడవాళ్లను కాలనీలోకి రానివ్వలేదు, రావిచెట్టు కింద ఎవరూ లేరు. 2021 వేసవిలో రెండో విడత కరోనాకు పోర్టు మాస్టారు పోయారు. మా అత్తగారు కూడా ఆ ఏడే పోయారు. మీటింగుల్లో నా మీద అరిచినవాళ్లలో ఇద్దరు పోయారు. ఆ రోజుల గురించి ఇంతకంటే రాయలేను.

ఆ ఏడాది చివర్లో కోర్టు ఉత్తర్వును షెడ్డు ఉన్న ముక్కకే పరిమితం చేసింది. గిఫ్టు డీడు నకలే మమ్మల్ని కాపాడింది. మిగతా నేల మీద పని చేసుకోవచ్చు.

అప్పుడు చెట్ల తగువు వచ్చింది. త్వరగా ఎదిగి గోడలా నిలబడుతుందని కోనోకార్పస్ వేద్దామన్నారు, అందంగా ఉంటాయని రాయల్ పామ్‌లు అడిగారు. ఇది నా చదువుకు సంబంధించిన విషయం, ఇక్కడ నేను గట్టిగానే మాట్లాడాను. హుద్‌హుద్ నాడు మా వీధుల్లో ఏవి పడ్డాయో, ఏవి నిలిచాయో నేను తిరిగి రాసుకున్న కాగితం ఇంకా నా దగ్గరుంది. తురాయి, పచ్చతురాయి, ఆస్ట్రేలియా తుమ్మ వరసగా కూలాయి. వేపలు కొన్ని పోయాయి. రావి, చింత, పొగడ, కానుగ, తాటి చాలావరకు నిలిచాయి. తుపాను తర్వాత విరివిగా వేసిన ఏడాకుల పాల చెట్లు చలికాలం పూతకొస్తే ఆయాసం ఉన్నవాళ్లు కిటికీలు మూసుకుంటున్నారు. సముద్రపు గాలికీ ఎర్రమట్టికీ అలవాటుపడ్డ చెట్లే వేద్దాం, నీడకు పదేళ్లు ఆగుదాం అన్నాను. పదేళ్లకు మేముంటామా అని ఒక పెద్దాయన అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పల్లంలో నేరేడు, దారికి పొగడ, కానుగ, మధ్యాహ్నం కూర్చునేవాళ్లకు ఉన్న రావిచెట్టు చుట్టూ అరుగు. అమ్మవారి రాయి అక్కడే ఉంటుంది, గుడి మాత్రం కట్టరు. ఆ ఒప్పందం కుదర్చడానికి పేట ఆడవాళ్లే ముందుకొచ్చారు. అమ్మవారికి పూజ చేసేది వాళ్లే, గోడ కడితే తామే బయటుండవలసి వస్తుందని వాళ్లకు తెలుసు.

ఆఖరి ప్లాను 2022లో ఖాయమైంది. దాంతోపాటు ఎవరు ఏం కోరారు, దానికి ఏం చేశాం, చేయలేనిది ఎందుకు చేయలేదు అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించి ఆ స్థలం గోడకు కట్టాం. పార్కింగు అడిగినవాళ్లకు లేదన్నదీ, ఎందుకు లేదన్నదీ అందులో ఉంది. పట్టణ ప్రణాళికకు కేంద్రం 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ జాగా ఉండాలి. మా కాలనీ, పేట కలిపి మూడు వేలమందికి ఎకరం పంచితే మనిషికి మీటరున్నర కూడా రాదు. అందులోంచి కార్లకు ఇవ్వమంటే ఎవరి వాటా ఇవ్వాలి? ఆ లెక్క చదివి ఒకిద్దరు తమ కార్లు తామే తీసుకెళ్లారు.

చేతులున్న బెంచీలు వేశారు. మరుగుదొడ్డి గేటు పక్కనే కట్టారు. దాన్ని కడిగే మనిషికి జీతం సంఘమే ఇస్తోంది. దక్షిణం పల్లంలో వాన నీళ్లు ఇంకుతున్నాయి, వీధిలో నీళ్లు తగ్గాయి, పూర్తిగా పోలేదు. మొక్కలు నా భుజం దాకా వచ్చాయి, కొన్ని చచ్చిపోతే మళ్లీ నాటాం. ఎదురింటివాళ్లు మాట్లాడుతున్నారు. ఫంక్షన్ హాలు పెద్దమనిషి రోజూ పొద్దున్నే ట్రాకు మీద నడుస్తాడు, నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు. కమీషను మాట పుట్టించినవాళ్లు ఎవరూ వచ్చి తప్పని చెప్పలేదు. అది నాకు ఇంకా నొప్పిగానే ఉంది.

ఈ మధ్య కొత్త తగువొకటి వచ్చింది. పగలు పది నుంచి నాలుగు దాకా గేటుకు తాళం వెయ్యాలని, ఊళ్లో అన్ని పార్కులూ అలాగే చేస్తాయని కొందరు తీర్మానం పెట్టారు. మధ్యాహ్నం ‘బయటివాళ్లు’ కూర్చుంటున్నారట. ప్లానులో రావిచెట్టు అరుగుకు ఎదురుగా ‘వేళ: పన్నెండు నుంచి రెండు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు’ అని రాసి ఉంది, దాని కింద వాళ్ల సంతకాలూ వేలిముద్రలూ ఉన్నాయి, తీర్మానం పెట్టినవాళ్ల సంతకాలు కూడా ఉన్నాయి. ఆ పేజీ జిరాక్సులు తీయించి ఉంచాను. ఆదివారం మీటింగు. ఈసారి సెల్లారులో కాకుండా అరుగు మీదే పెట్టమని, అదీ పన్నెండింటికే పెట్టమని రాసిచ్చాను, ఒప్పుకున్నారు. షెడ్డు కేసు వాయిదా ఆ తర్వాతి వారం.